గోడ అవతలి దగ్గు

అట్టలక్కయ్య భర్త పోయిన నలభై మూడో రోజు పొద్దున, ఆయన దగ్గు మళ్ళీ వినిపించింది.

ఆమె పని లైబ్రరీలో. చిరిగిన పుస్తకాలను విప్పి, కుట్టి, జిగురు రాసి కొత్త అట్టలు వేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని కావడంతో అసలు పేరు మరుగున పడి అందరికీ అట్టలక్కయ్య అయిపోయింది. ఆ పొద్దున స్టవ్ మీద టీ పెట్టి నిలబడి ఉండగా పడకగది వైపు నుంచి రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగాటి దగ్గు, ఆపైన గొంతు సవరించుకున్న చప్పుడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి ప్రతి ఉదయం దగ్గిన దగ్గు అచ్చంగా అదే. గబగబా వెళ్ళి చూసింది. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తాను మడిచిన మడతలోనే ఉంది.

భయం వేయలేదు. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"కాసిని నీళ్ళు తాగరాదూ?"

కాసేపటికి దగ్గు ఆగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. ఆస్పత్రి నుంచి ఒంటరిగా తిరిగొచ్చిన రోజున దేవుడితో మాటలు మానేసిన మనిషి, మళ్ళీ మాట కలిపింది. "పోనీలే, సగమైనా తిరిగిచ్చావు" అంది పైకి చూసి. టీ తాగుతూ మంచం దగ్గర కూర్చుని అన్నీ చెప్పేది. బీరువాలో చెదలు పట్టిన సంగతి, కొత్తగా వచ్చిన ఆఫీసరు ముక్కు మీద కోపం, కూతురు తిండి సరిగ్గా తినడం లేదని బెంగ. చెప్పడం అయ్యాక తేలికపడి పనికి వెళ్ళేది.

కూతురు అదే ఊళ్ళో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తోంది. ఆదివారాలు వచ్చిపోతుంది. ఒక ఆదివారం తల్లి మాటలూ, ఆ దగ్గూ రెండూ విన్నది.

"అమ్మా, పక్క పోర్షన్‌లోకి ఎవరో దిగారు కదా. ఆయన దగ్గు అది. గోడ పల్చన."

"నీకేం తెలుసు? ఆ దగ్గుతో కాపురం చేసింది నేను."

తల్లి మొహం చూసి కూతురు మాట మార్చింది.

నిజానికి తల్లికీ తెలుసు. పక్క తలుపుకు కొత్త తాళం, గడప దగ్గర మగవాళ్ళ బూట్లు కంట పడుతూనే ఉన్నాయి. పడనట్టే తల వంచుకుని మెట్లు దిగేది. తల ఎత్తి చూస్తే ఆయన మళ్ళీ పోతాడని ఆమె భయం.

అయిదు నెలలు ఇలాగే గడిచాయి. వానలు మొదలయ్యాక దగ్గు తీరు మారింది. పొడుగాటి దగ్గు ఇంకా సాగి, చివర పిల్లికూతలు వచ్చాయి. ఒకరోజు "నీళ్ళు తాగరాదూ" అన్నా ఆగలేదు. రెండోసారి అన్నా ఆగలేదు.

భర్త దగ్గు కూడా సరిగ్గా ఇలాగే మారింది. అప్పుడొకనాడు ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అన్నాడు: "డాక్టరు దగ్గరికి నువ్వూ ఓసారి రాకూడదూ? ఒక్కణ్ణీ వెళ్ళబుద్ధి కావడం లేదు." ఆమె వెనక్కి తిరిగైనా చూడలేదు. "లైబ్రరీలో తనిఖీ ఉంది. వచ్చే వారం చూద్దాం. ముందు నీళ్ళు తాగండి." ఆ వచ్చే వారం రావడానికి మూడు నెలలు పట్టింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చూసి, చాలా ఆలస్యం చేశారన్నాడు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. మంచం దగ్గర కూర్చుని ఇన్ని చెప్పిందా, ఇదొక్కటీ చెప్పలేదు.

గోడ అవతల దగ్గు ఆగడం లేదు. పోయినవాళ్ళకి జబ్బు ముదరదు కదా అనుకుంది. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి పక్క తలుపు కొట్టింది.

తీసినాయన ఆమెకన్నా పెద్దవాడు, బక్కమనిషి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. లిఫ్టులు బాగుచేసే పనిలో రిటైరయ్యాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది.

"తాగుతున్నానమ్మా" అన్నాడు రొప్పుతూ, తప్పు చేసినవాడిలా. "మీరు చెప్పినప్పుడల్లా తాగుతూనే ఉన్నాను. ఇవాళే ఆగడం లేదు."

ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అన్నీ వినిపించేవా?"

"మొదట్లో ఫోన్లో మాట్లాడుతున్నారనుకున్నాను. కాదని తెలిశాక చెప్పేయాల్సిందే. చెబితే మానేస్తారేమోనని..." దగ్గు అడ్డొచ్చింది. "నన్ను నీళ్ళు తాగమనే వాళ్ళెవరూ లేరమ్మా."

"గుండీలు సరిగ్గా పెట్టుకోండి. ఆస్పత్రికి వెళ్దాం."

"ఇవాళ మీకు నిఘంటువులు కుట్టే పనుందిగా?"

"అవెక్కడికీ పరిగెత్తవు. నడవండి."

అదే ఆస్పత్రి, అదే వరండా. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. "ఈయన మా ఆయన కాదు, నాకు తెలుసు. అయినా కాస్త చూడు" అంది లోలోపల దేవుడితో. తనకోసం ఏమీ అడగలేదు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. మందులతో తగ్గుతుందన్నారు. "ఇంకో నెల ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నాడు డాక్టరు మామూలుగా. ఆ మాట విన్నాక ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎవరికీ చెప్పని ఆ సంగతి, నిండా గంట పరిచయం లేని మనిషికి మొత్తం చెప్పేసింది.

ఆయన ఓదార్చలేదు. మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ తప్పేనేమో, నాకు తెలీదమ్మా. ఇవాళ మాత్రం వచ్చారు" అన్నాడు.

రెండు నెలలకు దగ్గు పూర్తిగా పోయింది. ఆ మొదటి నిశ్శబ్దపు ఉదయం ఆమె టీ పెట్టలేకపోయింది. భర్త పోయిన రోజు ఏడవని ఏడుపంతా వంటగది నేల మీద కూర్చుని ఏడ్చింది.

ఆ ఆదివారం కూతురు వస్తే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. వచ్చే వారం అన్న మాటతో సహా, ఏదీ దాచకుండా. కూతురు తిడుతుందని చూసింది. ఆ పిల్ల తలెత్తలేదు. గోళ్ళు గిల్లుకుంటూ ఉండిపోయింది.

"నన్నూ అడిగాడమ్మా నాన్న" అంది చివరికి. "సెలవు దొరకదన్నాను. నువ్వు వెళ్తావులే అనుకున్నాను."

తల్లి లేచి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. గది ఎంత ఖాళీగా ఉందో మొదటిసారి ఇద్దరూ ఒకేసారి చూశారు.