ఒకటో నంబరు బల్ల డబ్బా

ఈ సంగతి నాకు మొదట చెప్పింది ఆ మేడలో లిఫ్టు దగ్గర కూర్చునే మా బావమరిది. వాడు కోతలు కోసే రకమే. అందుకే నేను వాడి మాట మీద వదిలేయకుండా పిన్నినే కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగాను. ఈసారికి వాడు కలిపిందేమీ లేదు.

పిన్ని అంటే మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఊడ్చే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తోంది. రోజూ నలభై ఒకటో నంబరు బస్సెక్కి ఏడింటికల్లా వచ్చి, కుర్చీలన్నీ వెనక్కి లాగి, చీపురు పట్టుకుంటుంది. కుర్చీల కింద ముందు రోజు చెరిపేసిన లైన్లు పడి ఉంటాయి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రాసే దానికంటే చెరిపేది ఎక్కువ. చెరిపింది కిందే పడుతుంది, దర్జీ మిషను కింద పీలికలు పడ్డట్టు. జానెడు బారున, సన్నగా ఉంటాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వాటి మీద అక్షరాలు చదువుకోవచ్చు.

చదువొచ్చినవాళ్ళ మాట అది. పిన్నికి అంకెలు తప్ప రావు, అవీ బస్సు నంబర్ల కోసం నేర్చుకున్నవి. అయితేనేం, లైను చేతిలోకి తీసుకుంటే ఎవరిదో చెప్పేస్తుంది. తొందరపాటువాళ్ళవి అంచులు చిరిగి ఉంటాయి. కళ్ళజోడామెవి మాత్రం బరువుగా, అడుగున కాస్త వెచ్చగా ఉంటాయి.

ఊడ్చినవి పిన్ని పారబోయదు. ఏ బల్ల కింద దొరికినవి ఆ బల్ల డబ్బాలో వేస్తుంది. ఖాళీ బిస్కెట్ డబ్బాలు, మూత మీద బల్ల నంబరు.

"ఈ చెత్తంతా దేనికి పిన్నీ?" అని ఎవరన్నా అంటే, "మీకు చెత్త. అడిగిననాడు లేదని చెప్పే అలవాటు నాకు లేదు" అనేది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అది వేరే సంగతి.

ఆ ఆఫీసుకి పెద్ద పొడుగాయన. ఆయనతో పిన్ని మాట్లాడక ఆరేళ్ళయింది. తుడిచిన తడి నేల మీద బూట్లతో నడిచాడు. "ఇంకా ఆరలేదండీ" అంటే "నాకు మీటింగుంది" అన్నాడు. అంతే. తనతో పిన్ని మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు. అయినా ఆయన బల్ల కింద కూడా మూలమూలకీ ఊడ్చేది. పగ పగే, డబ్బా డబ్బాయే.

కళ్ళజోడామె ఆఫీసు పెట్టిననాటి మనిషి. ఊళ్ళో బస్సులన్నీ నడిచే ప్రోగ్రాం మొదట ఆవిడ రాసిందే. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎవరు తోలాలో, డిపోలో తెర మీద అది చెప్తుంది. అది చెప్పందే డ్రైవరు తాళం చేతిలోకి తీసుకోడు.

ఈ ఏడు ఆ ఆఫీసులోకి రాసే మిషను వచ్చింది. మనిషి నోటితో చెప్తే చాలు, అదే రాస్తుంది, అదే చెరుపుతుంది. మనిషి "సరే" అని నొక్కాలి. పిన్నికి మాత్రం చాకిరీ పెరిగింది. అది చెరిపిందంతా వట్టి పొట్టు. చీపురు తగిలితే చాలు, లేచి ఫ్యాను దాకా పోతుంది. నీళ్ళు చిలకరించి ఊడవాలి.

"అక్కా, నేను నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకున్నది ఇది టీ తాగి వచ్చేలోపు రాసేస్తోంది," అంది కొత్తగా చేరిన అమ్మాయి ఒక మధ్యాహ్నం. "నా ఉద్యోగం ఎన్నాళ్ళంటారు?"

"నేను చేరినప్పుడూ ఇలాగే బెంగపెట్టుకున్నాను," అంది కళ్ళజోడామె. "అప్పటి మిషన్లు పోయాయి, అప్పటి భాషలు పోయాయి. నేర్చుకున్నదంతా మూడుసార్లు గంగపాలు చేసి మళ్ళీ మొదలుపెట్టాను."

"మరి ఇన్నేళ్ళకి చేతిలో మిగిలిందేంటి?"

"ఏది ఎందుకు రాశానో గుర్తుండటం."

"అదైనా ఉందా?"

"సగం."

"కాళ్ళెత్తండమ్మా," అంది పిన్ని. "ఉద్యోగాల సంగతి తర్వాత. ముందు ఈ పొట్టు ఎగురుతోంది."

ఇలా ఉండగా ఒక సోమవారం పొడుగాయనకి బుద్ధి పుట్టింది. బస్సుల ప్రోగ్రాం పాతబడింది, మిషనుకిచ్చి శుభ్రం చేయిద్దామన్నాడు. పాత ప్రతి ఒకటి దాచి ఉంచుదామని కళ్ళజోడామె అంటే, దండగ బరువని అదీ తీసేయించాడు. తనే కూర్చుని, ఒక చెవికి ఫోను ఆనించుకుని, సాయంత్రం దాకా సరే, సరే, సరే అని నొక్కుతూ పోయాడు.

మంగళవారం పొద్దున ఆయన కుర్చీ కింద మోకాలెత్తు పొట్టు. నీళ్ళు చిలకరించి ఊడుస్తుంటే అందులో ఒక లైను చీపురికి బరువుగా తగిలింది. తీసి చూసింది. అడుగున వెచ్చగా ఉంది. మీద నలభై ఒకటి అని అంకె.

"నా బస్సు," అనుకుంది పిన్ని. ఆయన డబ్బాలోనే, అన్నిటికంటే పైన పెట్టి మూత వేసింది.

బుధవారం నుంచి కొత్త ప్రోగ్రాం మొదలు. ఆ పొద్దున నలభై ఒకటి రాలేదు. అరగంట చూసి, డ్రైవర్లు బద్ధకించారని తిట్టుకుంటూ, పిన్ని కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచొచ్చింది. ఎనిమిదిన్నర. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

"ఏంటి పిన్నీ, ఇవాళ దొరసానిలా తాపీగా వస్తున్నావు?" అన్నాడు మా బావమరిది.

"లిఫ్టు తియ్. నీ నోరు తియ్యమనలేదు."

ఆ ముఖం చూసి పైన ఎవరూ ఆవిడని కదిలించలేదు. అసలు సంగతి చెప్పనూ లేదు. సంగతేమిటంటే, డిపోలో ఏడు బస్సులు, అన్నీ నలభై ఒకటే, వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు నీడన కూర్చుని పేకాడుకుంటున్నారు. అడిగితే, "మేం చేరిపోయామని తెర మీద వస్తోంది. చేరిపోయిన బస్సుని ఇంకెక్కడికి తీసుకెళ్ళమంటారు?" అని వాళ్ళ సమాధానం. మిషనుని అడిగితే అంతా సవ్యంగా ఉంది, బస్సులు వేళకంటే ముందే చేరుతున్నాయి అని మెచ్చుకుంది.

పొడుగాయన కళ్ళజోడామె బల్ల దగ్గరికి వచ్చాడు. "తప్పు మీ పాత రాతలో ఎక్కడో ఉండి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం లోపు పట్టుకోండి. లేదంటే మీకు ఇంక విశ్రాంతి ఇద్దామని పైవాళ్ళతో చెప్పాను."

"విశ్రాంతి నేను అడగలేదే."

"అడిగేదాకా ఆగితే మర్యాదగా ఉండదు," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడా కొత్తమ్మాయీ రెండున్నర రోజులు వెతికారు. నలభై వేల లైన్లు, అన్నీ మిషను తిరగరాసినవే. ఏది ఎక్కడుందో రాసినామెకే తెలియలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి కళ్ళజోడామె సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. కప్పు, ఊలు కోటు, ఒక పాత చెప్పుల జత.

మూడు రోజులు నడిచి పాదాలు వాచిన పిన్ని చీపురుతో అటు వచ్చింది. "ఎక్కడికమ్మా, ఇవన్నీ సర్దుతున్నారు?"

"ఇంటికి పిన్నీ. నలభై ఒకటి నన్ను ముంచింది."

"నలభై ఒకటి నా బస్సు కదమ్మా. మిమ్మల్నెందుకు ముంచుతుంది?"

అప్పుడు కొత్తమ్మాయి జరిగింది చెప్పింది. పిన్ని మొత్తం విని, చీపురు గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. మూత తీసింది.

"ఇది చూడండి. మీ చేతిదే. నాలుగు రోజులైనా చల్లారలేదు."

కొత్తమ్మాయి దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చదివింది. బయల్దేరే చోటు, చేరే చోటు ఒకటే అయితే చేరినట్టు లెక్కగట్టకు, ముందు ఒక చుట్టు తిరగనివ్వు అని ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో: "41 ఊరు చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. ఈ లైను పనికిరానిదిలా కనిపిస్తుంది. తీసేయకండి."

కళ్ళజోడామె కుర్చీలో కూలబడి నవ్వింది. "ఇది రాశానని నాకే గుర్తు లేదే తల్లీ."

"గుర్తు లేని ఆ రెండో సగంలోది అయ్యుంటుంది," అంది కొత్తమ్మాయి.

లైనుని రెండు వేళ్ళతో తెర ముందు పట్టుకుని ప్రోగ్రాంని పైనుంచి కిందికి జరుపుతూ వచ్చారు. చాలాసేపు చచ్చిన తాడులా వేలాడింది. ఒకచోట తోక కదిలింది. వేళ్ళ మధ్య నుంచి జారి, గాజులోకి దూరి, రెండు లైన్ల నడుమ తన చోటు చూసుకుని పడుకుంది. చివర కాస్త బయటికి ఉండిపోతే పిన్ని బొటనవేలితో లోపలికి నొక్కింది. కొత్తమ్మాయి సేవ్ చేసింది.

నాలుగూ ఇరవైకి డిపోలో మొదటి నలభై ఒకటి కదిలింది. గెలిచే ఆట వదిలి లేవాల్సొచ్చిందని డ్రైవరు సణిగాడట.

కళ్ళజోడామె కప్పు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది. డబ్బాకి మూత పెడుతూ, "ఇది ఏ బల్లది పిన్నీ?" అంది.

పిన్ని మూత ఆవిడ వైపు తిప్పింది. ఒకటి. ఆ ఆఫీసులో ఒకటో నంబరు బల్ల ఎవరిదో అందరికీ తెలుసు. ముగ్గురూ మూత వంక చూశారు. 

ఆ తర్వాత ఆవిడకి విశ్రాంతి ఇచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. మిషను ఏది చెరిపినా ఆవిడ చదివాకే "సరే" నొక్కాలని పైనుంచి కాగితం వచ్చింది. కొత్తమ్మాయి తన కుర్చీని ఆవిడ పక్కకి జరుపుకుంది, ఉద్యోగం ఎన్నాళ్ళని ఇప్పుడు అడగడం లేదు, తీరిక లేదు. డబ్బాలకి గోడకి అల్మరా పెట్టించారు, తాళం పిన్ని దగ్గర.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కింద లిఫ్టు పక్కన గోడకి, పాత ఫోటోల నడుమ ఒక కొత్త బోర్డు ఉంది. దాని మీద అద్దం వెనక పొడుగాయన ఫోటో పెట్టి, నలభై ఒకటో నంబరు బస్సు సమస్యను పరిష్కరించినవారు అని రాశారు. పిన్నికి చదవడం రాదు గానీ అంకె చూసి మా బావమరిదితో చదివించుకుంది. అప్పటి నుంచి ఆ గోడ మీద అద్దాలన్నీ రోజూ తుడుస్తుంది, అదొక్కటి తప్ప.

మా బావమరిదికి ఉద్యోగ భయం. నా చేతిరాత నాకే అర్థం కాదు. కాబట్టి ఆ మేడలోకి పని మీద వెళ్ళే చదువుకున్నవాళ్ళెవరైనా సరే, కాస్త ఆగి ఆ బోర్డు దిద్ది పుణ్యం కట్టుకోండి. ముందు పిన్ని అని రాయండి, ఆ తర్వాత కళ్ళజోడామె. పొడుగాయన ఫోటో తీసేయమని నేను అనను, ఉండనివ్వండి. కింద మాత్రం, ఆ లైను దొరికింది ఈయన కుర్చీ కిందే అని ఒక్క ముక్క చేర్చండి.