చిటికెడు ఎముక పొడి

నా నోటికి మా వీధిలో పేరుంది. ఉన్నదున్నట్టు అనడం తప్ప దానికి ఇంకోటి చేతకాదు. బట్టలు కుట్టేదాన్ని కాబట్టి కొంత, నోరు అలాంటిది కాబట్టి కొంత, మా ఆయన నన్ను కత్తెర అనేవాడు. ఆయన పోయాక అలా పిలిచేవాళ్ళు లేరు, నేను ఒంటిని పట్టించుకున్నదీ లేదు. చిగుళ్ళు వాచి, పైవరస ముందరి పళ్ళు రెండూ కదిలి కదిలి ఊడిపోయాయి. పంటితో దారం తెంపే అలవాటు మానుకున్నాను. నవ్వడానికి ఎలాగూ పనిలేదు కదా అనుకున్నాను.

మా ఆడపడుచు ఊరుకుంటేగా. ఎదుటి మిషను తనదే. రోజంతా నా పై పెదవినే చూస్తూ కుడుతుంది. "వదినా, నువ్వు నోరు విప్పితే గుడ్డ మీద తుంపర పడుతోంది. కుట్టుకూలీతో పాటు ఉతుకుకూలీ కూడా అడుగుదామా?" అని ఒకరోజు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పళ్ళ డాక్టరమ్మ చిన్నదే. ఎక్స్‌రే చూపించి, "పన్ను లేని చోట ఎముక పనిలేక కరిగిపోతుందమ్మా. కొత్త పన్ను పెట్టాలంటే ముందు ఎముకలోకి చిన్న స్క్రూ దించాలి. మీకు దించేంత ఎముకేదీ?" అంది.

పనిలేక కరిగిపోవడం నాకేం కొత్త సంగతి కాదు.

ముందు ఎముక పెంచాలట. నా గడ్డంలోంచే ముక్క తీసి పెట్టొచ్చు, లేదంటే సీసాలో వచ్చే ఎముక పొడి వేయొచ్చు.

"ఎవరి ఎముక?" అన్నాను.

"పోయాక దానం ఇచ్చినవాళ్ళది. శుభ్రం చేసి, పరీక్షలు చేసి, ఎండబెట్టి పొడి చేస్తారు. భయపడకండి."

"పేరుంటుందా?"

"నంబరే ఉంటుందమ్మా."

"ఎన్నాళ్ళు నిలవుంటుంది?"

"ఐదేళ్ళ దాకా ఉంటుంది."

నేనూ ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఆయన పోయి నాలుగేళ్ళు. నిద్రలోనే గుండె ఆగింది. "నేను పోతే పనికొచ్చేవన్నీ ఇచ్చెయ్యి కత్తెరా, దాచుకుని ఏం చేస్తావు" అని బతికుండగానే చెప్పాడు. కళ్ళిచ్చాం, కాళ్ళ ఎముకలిచ్చాం. కంటి పైపొర మాత్రమే పెడతారు, రంగు రాదు అని తెలిసీ, చాన్నాళ్ళు బస్సులో ఎవరి కళ్ళు తేనెరంగులో కనిపించినా తేరిపార చూసేదాన్ని.

ఆ రోజు బస్సులో ఆడపడుచు, "వదినా, ఒకవేళ..." అంది.

"నోరు మూసుకో" అన్నాను.

సంచి ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. దిగేటప్పుడు మాత్రం, "గడ్డం కోయించుకోకు. ఆ పొడే వేయించుకో" అంది. నేను అప్పటికే అదే అనుకున్నాను.

నేనేం వెర్రిదాన్ని కాదు. ఇచ్చినవాళ్ళు ఎంతమందో, ఏ సీసా ఎక్కడ తేలిందో ఎవరికెరుక. కానీ ఆశకు లెక్కలు చెబితే వింటుందా.

పొడి వేసే రోజున ఆడపడుచు బయటే ఉండిపోయింది. రోజంతా సూదితో బతికేదానికి డాక్టరు చేతిలో సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. నర్సు సీసా మూత తీయబోతుంటే ఒక్కసారి నా చేతిలో పెట్టమన్నాను. చిటికెడు ఉప్పంత ఉంది. మా ఆయన పరంజాలు కట్టేవాడు. లేస్తున్న భవనాల చుట్టూ కర్రలు, గొట్టాలు బిగించి, మేస్త్రీలు నిలబడడానికి పలకలు పరిచేవాడు. అంత ఎత్తున నడిచిన మనిషి ఇంతేనా అనిపించింది. చిగురు కోసి, పొడి నింపి, కుట్లు వేశారు. కుట్టు మంచిదేనని నాలుకకు తెలిసింది.

బయటికి రాగానే ఆడపడుచు లేచి, "ఎలా ఉన్నాడు?" అంది. దూది కుక్కిన నోటితో ఏం చెప్పను, తలూపాను.

ఎముక కుదురుకోవడానికి నెలలు ఆగాలన్నారు. మెత్తనివే తిన్నాను. ముందరి పళ్ళతో కొరకాల్సిందేదీ ముట్టుకోలేదు. మిషను తొక్కుతూ ఆయనతో లోలోపలే మాట్లాడేదాన్ని. "నా నోటికి భయపడుతూ బతికినవాడివి, ఆఖరికి నా నోట్లోకే వచ్చి పడ్డావు" అనుకుని ఓసారి పైకే నవ్వాను. ఆడపడుచు కుట్టడం ఆపి నన్నే చూసింది. ఆయన పోయాక నేను నవ్వగా ఆమె వినడం అదే మొదలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బయట అదే ప్రశ్న, "ఎలా ఉన్నాడు?" అని.

"కుదురుగా ఉన్నాడు. మీ అన్న ఒకచోట కుదురుగా ఉండడమే వింత" అనేదాన్ని.

నిజంగా వింతే. పని పూర్తయిన ప్రతి భవనం దగ్గరికీ నన్ను తీసుకెళ్ళి చూపించేవాడు. "ఇందులో నీ పనెక్కడుంది? రంగులేసినవాడి పని కనిపిస్తోంది, తలుపులు బిగించినవాడి పని కనిపిస్తోంది" అని ఏడిపించేదాన్ని. "విప్పి తీసుకుపోయాను కదే" అనేవాడు. ఆ మాటంటే నాకు ఒళ్ళుమండేది. ఊరంతా కట్టి, చూపించడానికి ఒక్క గోడా మిగుల్చుకోలేదు.

ఆఖరి ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ మురిసిపోయింది. "చూడండమ్మా, ఎంత బాగా వచ్చిందో. ఇదంతా మీ ఎముకే."

"మరి ఆ పొడి?"

"దాదాపు కరిగిపోయిందమ్మా. దాన్ని ఆసరా చేసుకుని మీ ఎముక పెరుగుతుంది. పెరిగాక దాని పనైపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు పరంజా కడతారు చూడండి, గోడ నిలబడ్డాక విప్పేయరూ, అలాగన్నమాట."

పరంజా సంగతి నాకు చెబుతోంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచి, అరచేత్తో మూసుకున్నాను. ఆయనను రెండోసారి పోగొట్టుకున్నాను. ఈసారి ఏ రోజున పోయాడో కూడా తెలియదు. ఏదో గుడ్డ కుడుతూ, ఆయన ఉన్నాడనుకుని కబుర్లు చెబుతూ ఉండి ఉంటాను.

"నొప్పిగా ఉందా అమ్మా? ఇంకోరోజు పెట్టుకుందామా?"

"వద్దు. కానియ్యమ్మా" అన్నాను.

స్క్రూలు దించారు. గట్టిగా నిలిచాయి. ఇంకొన్నాళ్ళకు వాటి మీద పళ్ళు బిగిస్తారట.

బయట ఆడపడుచు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"ఎలా ఉన్నాడు వదినా?"

ఉన్నదున్నట్టు అనడానికి నోరు తెరిచాను. ఆమె కళ్ళు అచ్చంగా ఆయనవే, ఆ తేనెరంగే. ఇన్నాళ్ళూ బస్సుల్లో వెతుక్కున్నాను.

"గట్టిగా పట్టుకున్నాడట. స్క్రూ కదలదట" అన్నాను.

"ఉంటాడు. నీ నోటిని తట్టుకుని నిలబడింది మా అన్నయ్య ఒక్కడే కదా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అవునన్నాను. బస్సు వచ్చేదాకా ఆమె అన్నయ్య గురించే చెబుతూ ఉంది, నేను వింటూ ఉన్నాను. మధ్యలో ఒకసారి నాలుకతో ఆ చోటు తడిమి చూశాను. గట్టిగా ఉంది. అక్కడంతా నేనే ఉన్నాను.