నీలమ్మ నడిచిన దారి

స్వర్ణకుమారి అనకాపల్లిలో ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. ఆదివారాలు చర్చిలో క్వయర్ నడిపేది కూడా ఆమే. ఊళ్ళో పెళ్ళయినా, స్కూలు వార్షికోత్సవమైనా పిల్లల చేత పాడించాలంటే అందరికీ ముందు ఆమె పేరే గుర్తొచ్చేది. పాట గురించి తనకన్నీ తెలుసని ఆమె ఎన్నడూ అనలేదు గానీ, మనసులో ఒక మూల అలాంటి ధీమా ఉండేది.

రెండువేల తొమ్మిదిలో ప్రభుత్వం కళలకీ సాహిత్యానికీ రాష్ట్రమంతటికీ కలిపి ఒక శాశ్వత నిధి పెట్టింది. దాని పద్ధతి అందరికీ కొత్తగా తోచింది. జనం ఎంత విరాళం పోగుచేస్తే ప్రభుత్వం అంతకు అంత కలుపుతుంది. ఆ మొత్తం బ్యాంకులో ఉండిపోతుంది. అసలును ఎవరూ ముట్టుకోకూడదు, ఏటా వచ్చే వడ్డీతోనే పాటలూ నాటకాలూ నేర్పించాలి, పుస్తకాలు వెయ్యాలి. అనకాపల్లి తరఫున వేసిన కమిటీకి బెల్లం వ్యాపారి త్రినాధరావు అధ్యక్షుడయ్యాడు. స్వర్ణకుమారిని సభ్యురాలిగా వేసుకున్నారు.

త్రినాధరావు మార్కెట్టులో తోటి వర్తకుల్ని ఒప్పించి, అనుకున్న విరాళంలో సగం తెచ్చేశాడు. మిగతా సగం అచ్యుతాపురంలో కొత్తగా పెట్టిన ఒక మందుల కంపెనీ ఇచ్చేలా ఉంది. కంపెనీ మేనేజరు ఆనందకుమార్ హైదరాబాదు మనిషి, మర్యాదస్తుడు. ఇవ్వడానికి తమకేమీ అభ్యంతరం లేదనీ, అయితే దేనికి ఇస్తున్నారో ముందు ఒకసారి చూడాలనీ అన్నాడు. పగటి షిఫ్టు దిగాక బస్సులు బయల్దేరేలోపు పది నిమిషాలు వీలవుతుంది, కళాకారులెవరినైనా తీసుకురమ్మన్నాడు.

విశాఖపట్నం నుంచి డాన్సు పిల్లల్ని పిలిపిద్దామని కమిటీలో కొందరన్నారు. ఈ ప్రాంతానిదే ఏదైనా చూపించాలని స్వర్ణకుమారి పట్టుబట్టింది. అలా అడగ్గా అడగ్గా ఎస్. రాయవరం పక్కన ఒక పల్లెలో అప్పలకొండమ్మ అనే జముకుల కథ చెప్పే ఆవిడ ఉందని తెలిసింది. భర్త జముకు వాయిస్తే ఆవిడ కథ పాడేదట. భర్త పోయాక మానేసిందట.

స్వర్ణకుమారి బస్సెక్కి వెళ్ళింది. అప్పలకొండమ్మ వాకిట్లో గేదెకి చెరకాకు వేస్తోంది. డెబ్భై దాటి ఉంటాయి. మనిషి సన్నగా, వెదురుబద్దలా ఉంది. వచ్చిన పని విని, చేతులు దులుపుకుని, మంచం వాల్చింది. కథ ఇప్పుడెవరూ వినడం లేదనీ, తనకూ గొంతు పోయిందనీ చెప్పింది. స్వర్ణకుమారి బతిమాలలేదు. కాసేపు అదీ ఇదీ మాట్లాడుకున్నాక ముసలావిడే అడిగింది.

"టీచరమ్మా, నువ్వూ పాడతావన్నావు గదా. ఏదీ, ఒకటి పాడు."

స్వర్ణకుమారి చర్చిలో పాడే పాట ఒకటి అందుకుంది. అప్పలకొండమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. ఎవరి దేవుడని గానీ, ఏ పాటని గానీ అడగలేదు. లేచి లోపలికి వెళ్ళి దూలానికి వేలాడుతున్న జముకు దింపి, పక్కింట్లో ఉన్న మరిది అప్పలరాజుని కేకేసింది. జముకంటే చిన్న కుంచంలాంటి వాయిద్యం. ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది, దాన్నుంచి వచ్చే నరాన్ని లాగి మీటాలి. అప్పలరాజు దాన్ని చంకలో ఇరికించుకుని మీటాడు. ఆ చప్పుడు చెవికి కాక కడుపుకి వినబడినట్టయింది స్వర్ణకుమారికి.

అప్పలకొండమ్మ పాడింది కొంచెమే. అంతలోనే స్వర్ణకుమారికి తను నేర్చిన సంగీతమంతా ఇంట్లో వెలిగించుకున్న దీపంలాగా, ఇది బయట కాసే ఎండలాగా తోచింది. అచ్యుతాపురం వచ్చి పాడతానని అప్పలకొండమ్మ చేత అనిపించుకున్నాకే తిరుగు బస్సెక్కింది.

ఆ వారంలోనే అచ్యుతాపురం ప్రయాణం పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో క్యాంటీను ముందు రేకుల పందిరి కింద చిన్న బల్ల వేశారు. షిఫ్టు దిగిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ టిఫిను డబ్బాల సంచులతో వస్తున్నారు. అవతల కంపెనీ బస్సులు వరసగా నిలబడి ఇంజన్లు ఆడిస్తున్నాయి. ఆనందకుమార్ పైవాళ్ళని ఇద్దర్ని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మైకు కుయ్యిమంది. అప్పలకొండమ్మ దాన్ని చేత్తో పక్కకి జరిపి, బల్ల మీదకి ఎక్కకుండా నేల మీదే నిలబడింది. పక్కన అప్పలరాజు జముకు చంకలో ఇరికించుకున్నాడు.

ఎత్తుకున్నది, పల్లెల్లో దేవతగా కొలిచే నీలమ్మ పేరంటాలు కథ. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ నీలమ్మ సముద్రపు ఒడ్డు నుంచి కొండలదాకా నడుస్తుంది. దారిపొడుగునా ఒక్కో చోట ఆగి, ఒక్కొక్కర్ని అడుగుతుంది. మొదట్లో జనం సగం వింటూ సగం బస్సులవైపు చూస్తూ ఉన్నారు. ఒక డ్రైవరు హారన్ కొట్టాడు. అప్పలకొండమ్మ గొంతు పెంచలేదు. జముకు మోత మీద మోత పడుతుంటే నీలమ్మ రేవు దాటింది, ఉప్పుటేరు దాటింది.

ఈతదిబ్బ కాడ నిలబడి నీలమ్మ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. జోడుతాళ్ళ కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ఆడవాళ్ళని అడిగింది. వాళ్ళు చూడలేదన్నారు. రెల్లిగెడ్డలో కాళ్ళు కడుక్కుని, దోసిలితో నీళ్ళు తాగి, మళ్ళీ నడిచింది.

ఈతదిబ్బ పేరు వినగానే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే బిందుమాధవి అనే అమ్మాయి సంచి కింద పెట్టేసింది. కళ్ళం పేరు వచ్చేసరికి వెనక వరసలో నడివయసు మగవాళ్ళు తలమీది టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. గెడ్డ పేరుకి ఎవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్వర్ణకుమారికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఏదో జరుగుతోందని మాత్రం తెలుస్తోంది.

పది నిమిషాలు అయిపోయాయి. ఆనందకుమార్ వాచీ చూసుకుని, ఆపమని చెప్పడానికి లేచాడు. రెండడుగులు వేసి, జనం మొహాలు చూసి, అక్కడే నిలబడిపోయాడు. బస్సు ఇంజను ఒకటి ఆగింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి వచ్చి జనం వెనకాల నిలబడ్డారు. అంత పెద్ద ఫ్యాక్టరీ ముందు ఒక ముసలిదాని గొంతూ, ఒక నరం మోతా తప్ప ఇంకేమీ లేదు.

నీలమ్మకి తమ్ముడు దొరికి కథ ముగిసేసరికి ఎండ వాలిపోయింది. చప్పట్లు కొట్టలేదెవరూ.

బిందుమాధవి ముందుకి వచ్చి అప్పలకొండమ్మ చేతులు పట్టుకుంది.

"మామ్మా, ఈతదిబ్బ మాదే. మా తాత పొలం. కంపెనీలకి భూవులు తీసుకున్నప్పుడు ఇచ్చేసేం."

అప్పలకొండమ్మ తెల్లబోయింది. ఆ అమ్మాయి మొహంలోకీ, స్వర్ణకుమారి మొహంలోకీ మార్చి మార్చి చూసింది.

"అయి నిజంగా ఉన్నాయేటమ్మా? మా మేనత్త నేర్పింది నాకు. నానెప్పుడూ ఇటు రాలేదు. కతలో ఊసులే అనుకున్నాను."

ఉన్నాయని నలుగురైదుగురు ఒక్కసారే చెప్పారు. కళ్ళం ఇదిగో ఈ క్యాంటీను వెనకాలేనని ఒకాయన, తన చిన్నతనంలో రెల్లిగెడ్డలో చేపలు పట్టేవాణ్ణని ఇంకొకాయన. ఆనందకుమార్ బిందుమాధవిని, మరి ఈతదిబ్బ ఎక్కడని అడిగాడు. ఆ అమ్మాయి తను రోజూ పనిచేసే ప్యాకింగ్ షెడ్డుని చూపించింది. ఆయన ఆ షెడ్డువైపు చాలాసేపు చూశాడు. తర్వాత స్వర్ణకుమారి దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పాడు.

"ఇక్కడికొచ్చి ఏడాది దాటిందండీ. ఎక్కడికొచ్చానో ఇవాళ తెలిసింది."

కంపెనీ తన వాటా ఇచ్చింది. ప్రభుత్వం అంతకు అంత కలిపింది. వడ్డీ చేతికి వచ్చిన మొదటి ఏడాదే అనకాపల్లిలో స్వర్ణకుమారి పనిచేసే స్కూల్లో, ఆదివారం మధ్యాహ్నాలు జముకుల కథ నేర్పడం మొదలైంది. అప్పలకొండమ్మ బస్సులో వచ్చేది. నేర్చుకోవడానికి బిందుమాధవి వచ్చింది, ఇంకో ఆరుగురు వచ్చారు. చర్చి అయ్యాక స్వర్ణకుమారి కూడా వచ్చి వాళ్ళతో పాటు కింద చాప మీద కూర్చునేది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది ఆమెకి. ఎన్నో వారాలు అప్పలకొండమ్మ పెదవి విరుస్తూనే ఉంది.

వానలు పడ్డాక ఒక సెలవు రోజున బిందుమాధవి వాళ్ళిద్దర్నీ రెల్లిగెడ్డ చూపిస్తానని తీసుకెళ్ళింది. ఫ్యాక్టరీ ప్రహరీ పక్క నుంచి, తుప్పల్లోంచి సన్నటి బాట. గోడ చివర నేల పల్లమైంది. అక్కడ రెల్లు తలకి మించి పెరిగి ఉంది. దాని మధ్యలోంచి గెడ్డ పారుతోంది, ఎర్రటి కొత్తనీటితో.

అప్పలకొండమ్మ చాలాసేపు ఒడ్డునే ఉండిపోయింది. యాభై ఏళ్ళు నోటితో దాటిన గెడ్డ అది. చివరికి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. దోసిలి పట్టి నీళ్ళు తీసుకుని మొహానికి అద్దుకుంది. స్వర్ణకుమారి కూడా చెప్పులు విడిచి పక్కకి దిగి, ఆవిడ జారకుండా మోచెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, ఆ బేంకులో డబ్బు అసలు తియ్యరన్నావు. నాను పోయినా మరి ఇత్తారా?"

"ఇస్తారు పెద్దమ్మా."

"నువ్వు పోయినా?"

"నేను పోయినా ఇస్తారు."

"ఎవులికి?"

"అప్పటికి ఎవరు పాడుతుంటే వాళ్ళకి."

అప్పలకొండమ్మ ఒడ్డున నిలబడిన బిందుమాధవిని చూసింది. తర్వాత ఆ అమ్మాయి వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, వాళ్ళ వెనక ఇంకా ఎవరెవరో ఉన్నట్టు, రెల్లు మీదుగా దూరంగా చూస్తూ ఉండిపోయింది. స్వర్ణకుమారి ఆవిడ చూసిన వైపే చూసింది. ఇద్దరి కాళ్ళనీ ఒరుసుకుంటూ నీళ్ళు పోతున్నాయి.