ఇద్దరికీ సరేనన్న పిచ్చుక

ఆ పిల్లను ఇంట్లోవాళ్లు పిచ్చుక అంటారు. కాళ్లలో ఎంత బలముందో, నాలుకకు అంత మొహమాటం. ఎవరేమడిగినా "సరే" అనేస్తుంది. చెప్పుల కొట్టాయన చిన్నబుచ్చుకుంటాడని ఇరుకు చెప్పులు కొనుక్కుని ఏడాదంతా కుంటింది, ఇంకేం చెప్పను!

అలాంటి పిచ్చుక సైకిలు పందెంలో ఫైనలుకు వచ్చింది. అంచులు గోడల్లా లేచిన గుండ్రటి ట్రాకు మీద ఇద్దరే తొక్కే పోటీ అది. ముందు పిల్లుల్లా నక్కినక్కి నడపాలి, చివర్లో ప్రాణం పెట్టి దూసుకుపోవాలి. మూడింట రెండు గెలిస్తే జట్టులో ఖాళీగా ఉన్న ఒక్క చోటూ తనదే. ఓడితే అది ఎదుటి పొడుగుకాళ్ల పిల్లది. ఆ చోటు కోసమే పిచ్చుక ఇన్నేళ్లూ చెమటోడ్చింది.

ఈ సైకిళ్లకు గేరు ఒకటే, ఎక్కేముందే తేల్చుకోవాలి. బరువు గేరైతే కదలడానికి మూలుగుతుంది గాని కదిలాక ఆగదు. తేలిక గేరైతే చెంగున లేస్తుంది గాని చివరికి కాళ్లు గిలగిల్లాడతాయి. పిచ్చుక సైకిలు బాగుచేసేది మేనమామ, శిక్షణ ఇచ్చేది మేనత్త. వదినా మరుదులు కదా, వాళ్లకు పోట్లాట లేకపోతే పొద్దుపోదు.

"బరువు గేరే వేద్దాం వదినా. మా అక్క కూతురి కాళ్లు చూశావా, రోకళ్లు!"

"రోకళ్లు గెంతుతాయా మరిదీ? తేలిక గేరే వెయ్యాలి. నువ్వు బోల్టులు బిగించు, బుర్రతో పని నాకొదిలెయ్."

తరవాత ఎవరికి వారు పిచ్చుకను పక్కకు పిలిచారు.

"బరువుదేగా తల్లీ?"

"సరే మామయ్యా."

"తేలికదేగా?"

"సరే అత్తా."

మామ పెడళ్ల దగ్గరి చైన్‌వీలు తీసి, నాలుగు పళ్లు ఎక్కువున్నది బిగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ సందులో అత్త వచ్చి వెనక చక్రం ఊడదీసి, ఒక పన్ను ఎక్కువున్న బిళ్ల వేసింది. చైను అందకపోతే, "ఈ మనిషి దేన్నైనా గొంతు పిసికినట్టే బిగిస్తాడు" అని తిట్టుకుంటూ చక్రాన్ని ముందుకు జరిపింది. ముందు మారిన చైన్‌వీలు ఆమెకు కనబడితేగా! కళ్లజోడు పెడితే వయసు బయటపడుతుందని సంచీలోనే దాస్తుంది.

ముందు నాలుగు పళ్లతో పెరిగిన బరువును వెనక పెరిగిన ఒక్క పన్ను మింగేసింది. గేరు ఎక్కడిదక్కడే! పెడలు ఒక్కసారి తిప్పగానే పిచ్చుక కాళ్లకు సంగతి తెలిసిపోయింది. కానీ ఎవరికి చెప్పినా రెండో వారికీ చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకుంది.

పొడుగుకాళ్ల పిల్ల బూటు సర్దుకుంటున్నట్టు వంగి, పిచ్చుక చైన్‌వీలు పళ్లు లెక్కపెట్టుకుంది. "అమ్మో, ఇంత బరువా! మెల్లగా నడిపిస్తే ఇది లేవలేదు" అనుకుంది. ఎంత మెల్లగా నడిపిందంటే, గంట కొట్టేవాడికి ఆవలింత వచ్చింది.

"వెళ్లిపో, ముందే వెళ్లిపో!" అని మామ.

"ఆగవే, ఆగు!" అని అత్త.

పిచ్చుక ఇద్దరికీ తలూపింది. చివరి చుట్టులో పొడుగుకాళ్ల పిల్ల లేచి పరుగందుకుంది. పిచ్చుక మూలుగుతూ అక్కడే ఉండిపోవాలి కదా, ఉండలేదు. చెంగున లేచి, పక్కనుంచి దాటేసి మొదటి పందెం గెలిచింది.

"నా బరువు గేరు!" అని మామ గంతేశాడు.

"నీ బరువు ఎక్కడిది? నా తేలిక గేరు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైకిలుకు అటొకరు ఇటొకరు కూలబడ్డారు. ఆయన వెనక బిళ్ల పీకడానికి, ఆవిడ ముందు చైన్‌వీలు పీకడానికి పానాలు అందుకున్నారు. రెండో పందేనికి గంట మోగింది.

"నువ్వే చెప్పవే, ఎవరిది ఉంచాలి?" అంది అత్త.

"సరే" అన్న మాట పిచ్చుక పెదాల దాకా వచ్చింది. ఈసారి అంటే ఇన్నేళ్ల చెమటా ఈ నేలపాలే.

"వద్దు," అంది. గొంతు కీచుమంది.

"ఏం వద్దు?"

"ఎవరూ ముట్టుకోవద్దు. నా కాళ్లకి ఇదే బాగుంది. కంచె దగ్గర నిలబడి అరవడం కూడా వద్దు మామయ్యా. నువ్వూ అంతే అత్తా."

అత్త చేతిలో పానా జారి మామ కాలిమీద పడింది. ఆయన అరవబోయి, ఇప్పుడే కదా వద్దందని నోరు నొక్కుకున్నాడు. పిచ్చుక నట్లు తనే బిగించుకుని వెళ్లింది.

ఈసారి పొడుగుకాళ్ల పిల్ల కాచుకు కూర్చోలేదు, ముందే పారిపోయింది. పిచ్చుక ఆమె వీపు చాటున గాలి తప్పించుకుంటూ, అలవాటైన గేరును హాయిగా తొక్కింది. ఆఖరి మలుపులో పైనుంచి కిందికి దూకి, టైరు వెడల్పంత తేడాతో గెలిచింది. జట్టులో చోటు పిచ్చుకదేనని మైకులో చెప్పారు.

కంచె దగ్గర చప్పట్లు కొట్టడం మరిచిపోయి ఇద్దరూ మొదలెట్టారు.

"మామ మొహం మీదే వద్దంది చూశావా వదినా! ఆ మొండితనం మీ వైపుదే."

"మా ఇంట్లో అంత నోరు ఎవరికుంది మరిదీ? అచ్చం మీ అక్క పోలిక!"

ఊపు తగ్గేదాకా పిచ్చుక ట్రాకు మీద తిరుగుతూనే ఉంది. రెండో చుట్టుకు వాళ్ల తగువు తాతల దాకా వెళ్లింది. మూడో చుట్టుకు ముత్తాతలు దిగారు.