చూడని దానికి సాక్ష్యం

ముప్పై నాలుగేళ్ళు నేను బడిలో పాఠాలు చెప్పాను. మా ఊళ్ళో నలభై దాటనివాళ్ళలో సగంమంది నా చేత చీవాట్లు తిన్నవాళ్ళే. రిటైరయ్యాక నన్ను ఏటి సంరక్షణ సంఘానికి అధ్యక్షురాలిని చేశారు. "పెరోషో టీచరుగారు ఎవరి మొహమాటానికీ లొంగరు" అని మేయరు సభలో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు మహా ఇష్టమయ్యాయి. నా పతనం అక్కడే మొదలైందనుకుంటాను.

ఫ్రాన్స్‌లో, వాందే తీరంలో మాది చిన్న ఏరు. చిత్తడి నేలల మధ్య మెలికలు తిరిగి, ఉప్పుమడులు దాటి సముద్రంలో కలుస్తుంది. చలికాలంలో పోటుతోపాటు మలుగుపిల్లలు, అంటే పాములాంటి మలుగుచేపల పిల్లలు, ఏట్లోకి ఎదురెక్కుతాయి. వేలెడు పొడవు, అగ్గిపుల్లంత సన్నం. ఒళ్ళు గాజు. అరచేతిలో వేసుకుంటే చేతిగీతలు కనిపిస్తాయి, పైన రెండు నల్ల చుక్కలు కళ్ళు. మహాసముద్రం ఆవలి పక్కన ఎక్కడో పుట్టి, రెండేళ్ళపాటు ప్రవాహంలో కొట్టుకొచ్చి మా ఊరు చేరతాయి. నా చిన్నతనంలో మా అమ్మమ్మ వాటిని బకెట్లతో తెచ్చేది. మేం తినగా మిగిలినవి కోళ్ళకు వేసేది. నేను రిటైరయ్యేనాటికి బకెట్ల సంగతి దేవుడెరుగు, దోసిలి నిండడమే గగనమైంది. వాటిని ఐరోపా దాటించి అమ్మకూడదని చట్టం వచ్చింది. పట్టడానికి లైసెన్సులు కొద్దిమందికే ఇచ్చారు. పట్టినవాటిలో సగానికి పైగా ఎగువ కాలువల్లో తిరిగి వదలాలి. వదిలినట్టు స్థానికంగా ఒకరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. మా ఏటికి ఆ సాక్షిని నేనే.

తీరం పొడుగునా లైసెన్సున్నవాళ్ళు పట్టిన మలుగుపిల్లల్ని నీళ్ళ తొట్లలో ఉంచి, తీసుకెళ్ళి వదిలే పని మికాయెల్ రబిలేది. వాడు నా శిష్యుడే. లెక్కల్లో చురుకు, మాటల్లో ఇంకా చురుకు. మొదటి ఏడు నేను మోకాళ్ళదాకా బూట్లు తొడుక్కుని గట్టు మీద నిలబడ్డాను. ప్రతి పళ్ళెం తూకం వేయించాను. వాడు నవ్వుతూనే, "టీచర్‌గారూ, ఇదేమన్నా పరీక్షా?" అన్నాడు.

"పరీక్షేరా. నువ్వు కాపీ కొట్టకుండా చూస్తున్నా," అన్నాను.

రెండో ఏడు వాన. నాలుగు పళ్ళాలు తూకం వేయించి, మిగతావి వాడు చెప్పిన లెక్కే రాసుకున్నాను. మూడో ఏడు నా కుడి మోకాలు వాచింది. మధ్యాహ్నం నేను సూప్ వేడి చేసుకుంటుంటే మికాయెల్ వచ్చి తలుపు కొట్టాడు. చేతిలో ఒక బుట్ట ఆల్చిప్పలు, చంకలో కాగితాలు.

"మీరు ఆ బురదలోకి రావద్దు. కాలు జారితే నాకు పాపం. వంద కిలోలు, వాన్‌లో ఉన్నాయి. కావాలంటే వచ్చి చూడండి."

కిటికీలోంచి చూశాను. వాన్ కనిపించింది. వాన్‌ని చూసి సంతకం పెట్టాను. 'వదులుతుండగా దగ్గరుండి చూశాను' అని అచ్చువేసి ఉన్న వాక్యం కింద, నా బడి చేతిరాతతో, పూర్తి పేరు. మూడు వారాల తర్వాత ఇంకో వందకి మళ్ళీ పెట్టాను. రెండోసారి కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు.

ఆ రెండు సంతకాల మధ్యలోనే ఫుల్జాన్స్ సంగతి జరిగింది.

ఫుల్జాన్స్ తెసోకి ఎనభై ఒకటి. భార్య పోయాక ఏటి మదుము దగ్గరి ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. ఒక ఉదయం నేను రొట్టె కొనుక్కొస్తూ వంతెన మీద ఆగాను. కింద ఆయన తన చెక్క పడవలోంచి జల్లెడ ముంచి పైకి తీస్తున్నాడు. పక్కన ఎనామిల్ గిన్నె. నేను వంగి చూశాను. గిన్నె అడుగున గుప్పెడు మలుగుపిల్లలు జిగురులా కదులుతున్నాయి.

"ఫుల్జాన్స్ గారూ, ఇది నేరమని తెలుసా?"

"తెలుసు టీచరమ్మా. ఇవాళ మా ఆవిడ పుట్టినరోజు. ఉన్నన్నాళ్ళూ ఈ రోజు వీటితో ఆమ్లెట్ వేసేది. రెండు గుడ్లకి సరిపడా పడితే చాలు, పోతా."

"అందరూ రెండు గుడ్లకి సరిపడా పడితే ఇక ఏట్లో ఏం మిగులుతాయి?"

"అందరూ ఎక్కడున్నారమ్మా? నేనొక్కణ్ణే ఉన్నా," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు నాకు ఎగతాళిలా అనిపించింది. ఇంటికి వెళ్ళి కోటు కూడా విప్పకుండా పర్యావరణ పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్ళు జల్లెడ, గిన్నె, పడవ అన్నీ పట్టుకుపోయారు. జరిమానా వేశారు. తర్వాతి వారం సంఘం సభలో నేను, పేరు చెప్పకుండా, "మన కళ్ళెదుటే కొందరు" అంటూ పావుగంట మాట్లాడాను. రెండో వరసలో ఫుల్జాన్స్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన వైపే చూసింది. మళ్ళీ చప్పట్లు.

మార్చిలో మా ఇంటికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చింది. పేరు నోల్వెన్ కెరియెల్, ముప్పై ఏళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడే అమ్మాయి. పారిస్ విమానాశ్రయంలో కొన్ని సూట్‌కేసులు దొరికాయని చెప్పింది. బట్టల మధ్య నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచులు, చుట్టూ మంచు, లోపల మలుగుపిల్లలు. ఆసియాకి పోతున్నాయట. ఆ మూటల జాడ మికాయెల్ తొట్ల దాకా వచ్చింది. కానీ వాడి దస్త్రం ప్రకారం తొట్లలోవన్నీ మా ఏట్లోకే పోయాయి.

ఆమె బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. "ఇవి మీ సంతకాలేనా మేడమ్?"

"నావే."

"వదిలేటప్పుడు మీరు గట్టు మీద ఉన్నారా?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా గోడ మీద నా రిటైర్మెంటు ఫొటో, దాని కింద సంఘం ఇచ్చిన ప్రశంసాపత్రం. నా నోరు నా ప్రమేయం లేకుండానే పలికింది.

"ఉన్నాను."

"మొత్తం చూశారా?"

"ఆఖరి పళ్ళెం దాకా చూశాను."

ఆ అమ్మాయి ముఖంలో నిరాశ కనిపించింది. అంతలోనే సర్దుకుని, "మీలాంటివాళ్ళు చూశారంటే ఇక సందేహం లేదు. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి," అని లేచింది. నేను ఆమెకు కాఫీ ఇచ్చి, గేటు దాకా సాగనంపాను. సాగనంపుతూ వాతావరణం గురించి మాట్లాడాను కూడా.

రెండు రోజుల తర్వాత మికాయెల్ వచ్చాడు. ఈసారి తలుపు కొట్టలేదు, నేరుగా వంటగదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరు నా ప్రాణం నిలబెట్టారు టీచర్‌గారూ. మిమ్మల్ని జన్మలో మరిచిపోను."

"ఏరా, ఎన్ని వదిలావు?"

"ఫొటోకి ఒక పళ్ళెం వదిలాగా."

"మిగతావో?"

వాడు తల వంచి నా ముఖంలోకి చూశాడు. "ఇన్నాళ్ళూ అడగలేదు కదా, ఇప్పుడెందుకు అడుగుతారు?" అని కన్ను కొట్టాడు.

చిన్నప్పుడు వాణ్ణి తప్పుపట్టినప్పుడల్లా వాడు నేలచూపులు చూసేవాడు. ఇవాళ నేలచూపులు చూసింది నేను. వాడి దృష్టిలో నేను మోసపోయిన ముసలిదాన్ని కాను. వాడి భాగస్థురాలిని. "వెళ్ళరా," అన్నాను. వాడు తాపీగా లేచి, గిన్నె మీద మూత ఎత్తి వాసన చూసి, "బాగుంది," అని వెళ్ళాడు.

ఆ సాయంత్రం అన్నం మానేసి కూర్చోలేదు, ఏడవనూ లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నేను చేసిందేమిటంటే, తప్పించుకునే మాటలు వెతికాను. వాచిన మోకాలు. వాడి మీద నమ్మకం. నా వయసు. వారం రోజులు వాటిని అద్దం ముందు అప్పజెప్పుకున్నాను. ప్రతిసారీ ఎనామిల్ గిన్నె గుర్తొచ్చి మాట తెగిపోయేది. చివరికి ఫుల్జాన్స్ ఇంటికి వెళ్ళాను.

ఆయన పెరట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. వంటగది, వాన్, సంతకాలు, అబద్ధం.

"మొత్తం ఎన్ని కిలోలు?" అన్నాడు.

"రెండు వందలు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి అది దగ్గు తెరలోకి పోయింది. దగ్గు తగ్గాక ముఖంలో నవ్వు లేదు.

"నా గిన్నెలో ఎన్నున్నాయో చూశారు కదా, ఎన్నుంటాయి?"

"ఒక వంద పిల్లలు ఉండొచ్చు."

"మరి ఇది నాకెందుకు చెబుతున్నారు? నేను పోలీసునా, పాదిరీనా?"

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

"ముందు నాకు చెప్పేస్తే, వాళ్ళకి చెప్పక్కర్లేదనుకున్నారేమో," అన్నాడు, గింజల వైపే చూస్తూ. "పట్నం బస్సు ఒంటిగంటకుంది టీచరమ్మా."

ఆయన చెప్పేదాకా నా మనసులో ఉన్నది నాకే తెలియలేదు. ఈ ముసలాయన క్షమించేస్తే తేలిగ్గా ఇంటికి వెళ్ళొచ్చనే వచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా బస్టాపుకి నడిచాను.

నోల్వెన్ కెరియెల్ తన ఆఫీసులో నా మాటలు రాసుకుంటూ ఒకచోట కలం ఆపింది. "అంటే నేను వచ్చిన రోజు మీరు నాతో అబద్ధమాడారు."

"అవును."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు."

"మరెందుకు?"

"నాకు మంచిపేరుంది కదా, అందుకు."

ఆమె ఆ మాట అలాగే రాసింది. నా ముందే చదివి వినిపించి, సంతకం పెట్టమంది. ఆ కాగితాన్ని నేను మొదటి అక్షరం నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. ఆమె గడియారం చూసుకోలేదు, నన్ను తొందరపెట్టలేదు.

మికాయెల్‌ని అరెస్టు చేశారు. జైలుశిక్ష పడింది, లైసెన్సు పోయింది. తప్పుడు సాక్ష్యానికి నాకు జరిమానా వేసి, ఇక ఏ పదవిలోనూ ఉండకూడదన్నారు. కోర్టులో వాడు ఒక్కసారే నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. నేను ఇలా చేస్తానని వాడు ఊహించలేదు. నా గురించి వాడికున్న అంచనా అదన్నమాట.

రాజీనామా చేసే రోజు మేయరు నన్ను పక్కకు పిలిచాడు. "ఒంట్లో బాగుండటం లేదని రాయండి, మిగతాది నేను చూసుకుంటా. ఊరి పరువు కూడా ఉంది కదా." నేను సభలో నిలబడి జరిగింది జరిగినట్టు చదివాను. ఫుల్జాన్స్ మీద పోలీసులకు ఫోన్ చేసింది నేనేనని కూడా చెప్పాను. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో దగ్గారు, అంతే. రెండో వరసలో ఫుల్జాన్స్ లేడు.

ఆయన పడవ కోసం నాలుగు ఉత్తరాలు రాశాను. అప్పటికే దాన్ని విరగ్గొట్టేశారని జవాబొచ్చింది. ఇంకో పడవ కొనిస్తానని ఆయన ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ఆపాడు. "నేను తప్పు చేశా, నా శిక్ష నేను పడ్డా. మీది మీరు పడండి. నా పడవతో దాన్ని తగ్గించుకోవద్దు." తలుపు మెల్లగానే వేశాడు.

కోర్టు తీర్పు రావడానికి చాలా ముందే, నేను రాజీనామా చేసిన ఆ ఏప్రిల్‌లోనే, విమానాశ్రయంలో పట్టుకున్నవాటిలో బతికున్న కొన్నిటిని మా ఏట్లో వదలడానికి తెచ్చారు. సూట్‌కేసుల్లోవి చాలామటుకు చచ్చిపోయాయట. కొత్త సాక్షి పట్నం నుంచి వచ్చిన కుర్ర శాస్త్రవేత్త. నేను జనం వెనక నిలబడ్డాను. పిలిచినా ముందుకు వెళ్ళలేదు. పళ్ళెం వంచగానే అవి నీళ్ళలోకి జారి, ఒక్క క్షణం గుంపుగా ఆగి, తర్వాత ప్రవాహానికి ఎదురుగా తలలు తిప్పాయి. ఇక కనిపించలేదు. అన్ని చేతులు మారి, అంత దూరం పోయొచ్చినా వాటికి దారి తెలుసు.

మర్నాడు రొట్టె కోసం వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళు నన్ను తిట్టి ఉంటే భరించేదాన్ని. వాళ్ళు నా మీద జాలిపడుతున్నారు. దుకాణంలో రొట్టె చుడుతూ మార్లెన్ అంది: "పాపం టీచరుగారూ, ఆ వెధవ మిమ్మల్ని ఎంత మోసం చేశాడండీ!"

వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తలలూపారు. ఊరుకుంటే సరిపోయేది. ఊరంతా ఒప్పుకున్న కథ అది. నాకు అందులో మంచి చోటే ఉంది.

"మోసమేం లేదమ్మా," అన్నాను. "వచ్చి చూడమనే అన్నాడు. నేనే వెళ్ళలేదు."

మార్లెన్ చిల్లర లెక్కపెట్టింది. రొట్టె నా చేతికిచ్చి, నా వెనకున్నావిడతో, "మీకేం కావాలండీ?" అంది. నేను పక్కకు జరిగాను.