పెదవులు లేని గొంతు

నగరిలో మరమగ్గాల వీధికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటిరోజే అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటారు. ఆ వీధిలో పుట్టినవాళ్లకు ఆ తిప్పలు లేవు. మగ్గాల చప్పుడులో మాట ఎటూ వినపడదు కాబట్టి అక్కడ పెదవులు కదిపితే చాలు. షెడ్డు ఆ చివర నుంచి మునికుమార్ పోగు తెగిందని గొంతు లేకుండా చెప్తే, ఈ చివర ఉన్న అతని భార్య జ్ఞానాంబ వచ్చి ముడేసి పోతుంది. కాఫీ కావాలన్నా అంతే, తగువు పెట్టుకోవాలన్నా అంతే. మొగుడూ పెళ్లాం పొద్దంతా పోట్లాడుకున్నా పక్కింటికి పొక్కదు.

ఆ విద్యలో వాళ్ల కూతురు లోహితను మించినవాళ్లు లేరు. మగ్గం పక్కన చీర ఉయ్యాలలో పెరిగిన పిల్ల. ఎదురు మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటే, వాళ్లు ఎవరిని ఆడిపోసుకుంటున్నారో ఇక్కడి నుంచే చెప్పేసేది. ఇంటికి ఎవరొచ్చినా సరే, మునికుమార్ కూతురి చేత ఆ వేడుక ఒకసారి చేయించి మురిసిపోయేవాడు. వచ్చినవాళ్లు పిల్ల గడుసుదని మెచ్చుకుని, ఆ ఎదుటి మిద్దెవాళ్ల సంగతులు కూడా కాస్త అడిగి తెలుసుకుని వెళ్లేవాళ్లు.

ఆ పిల్లకు తిరుపతిలో ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో తొమ్మిదో తరగతి సీటు చేతికందేలా ఉంది. రాతపరీక్షలో పేరు పైనే వచ్చింది. మిగిలింది ఇంగ్లీషు లిజనింగ్ పరీక్ష ఒక్కటే. స్పీకరులో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడతారు, విని జవాబులు గుర్తించాలి. అది గట్టెక్కితే పాప ఈ చప్పుడు నుంచి బయటపడుతుంది. గట్టెక్కకపోతే ఏమవుతుందో మునికుమార్ ఆలోచించేవాడు కాదు. తన తల్లి, తన పెళ్లాం ముడులేసిన చోటే కూతురు కూడా నిలబడి ముడులేయడం ఊహకైనా అతనికి ఇష్టం లేదు.

జ్ఞానాంబ వాళ్ల అన్న కూతురు రూపశ్రీ ఆ స్కూల్లోనే చదువుతోంది. తను నేర్చుకున్న రికార్డింగులన్నీ ఫోనుకు పంపింది. లోహిత బడి నుంచి రాగానే వంటింట్లో కూచుని వాటిని వినేది. ఎంత విన్నా ఒక్క ముక్క తెలిసేది కాదు. మునికుమార్ ఫోను లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు, నిజమే, కానీ మాట వస్తోందో లేదో చెప్పడానికి ఇంగ్లీషు రావాలా? గొణుగుడు తప్ప ఏమీ లేదు. జ్ఞానాంబ కూడా విని, ఫోను పాడైపోయిందని తీర్పు చెప్పేసింది. పక్కింటి ఫోను అడిగి తెచ్చారు. అదీ అంతే. అది కూడా పాడైందనడానికి మొహం చెల్లక, ఈసారి తప్పు మగ్గాల మీద వేశారు. వీధి వీధంతా అలా మోగుతుంటే ఫోను మాత్రం ఏం చేస్తుందని ముగ్గురూ ఒకరికొకరు సర్దిచెప్పుకున్నారు.

పరీక్ష సోమవారం. ముందురోజు లైన్ల మరమ్మతు ఉందని, పొద్దుటి నుంచే కరెంటు తీసేస్తారని కబురొచ్చింది. వీధి మొత్తం కరెంటువాళ్లను శాపనార్థాలు పెడుతుంటే, మునికుమార్ ఒక్కడే పండగ వచ్చినట్టు తలకు పోసుకుని కూచున్నాడు.

చెప్పినట్టే కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయాయి. చెవుల్లో హోరు మాత్రం ఆగలేదు గానీ, అది ఏనాడూ ఆగింది లేదు కాబట్టి అతను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఫోను సౌండు పూర్తిగా పెంచి, ఇంకా పెరుగుతుందని స్టీలు గిన్నెలో నిలబెట్టాడు. ముగ్గురూ గిన్నె చుట్టూ చేరి తలలు వంచారు.

"మనిషి మాట్లాడతా ఉండాడని తెలస్తా ఉండాది నాయనా," అంది లోహిత కాసేపటికి. "ఏం మాట్లాడతా ఉండాడో తెలీలా."

ఈసారి దేన్ని తిట్టాలో మునికుమార్‌కు తోచలేదు. అంతలో, ఆదివారం సెలవని తిరుపతి బస్సెక్కి వచ్చి, సంచీ భుజాన వేసుకుని రూపశ్రీ గడప దాటి లోపలికొచ్చింది. వస్తూనే రెండు చెవులూ మూసుకుంది.

"జవాబు రెండోది కదా మామా. సందు మొదట్లో ఉన్నప్పుడే ఇనపడింది. ఎందుకింత సౌండు పెట్టుకున్నారు?"

రూపశ్రీ గిన్నెలోంచి ఫోను తీసి, సౌండు బాగా తగ్గించి, ఆ మూల మంచం మీద కూచుని తర్వాతి ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పుకుంటూ పోయింది. ఇంత సులువైనవి పరీక్షలో ఇవ్వరని కూడా అంది.

మునికుమార్ లేచి కూతురి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. లోహితా అని పిలిచాడు. రూపశ్రీ తలెత్తి చూసింది. లోహిత చూడలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. ఎందుకలా అరుస్తున్నాడని రూపశ్రీ అడిగింది. లోహిత అప్పుడు కూడా గిన్నె వైపే చూస్తూ ఉంది. ముందుకొచ్చి కూతురి ఎదురుగా కూలబడి, బడిలో పాఠం ఎట్లా వింటావమ్మా అని అడిగాడు.

"ముందు బెంచీలో కూసుంటా. టీచరు మొగం సూస్తా. బోర్డు తట్టు తిరిగితే ఏమంటాదో తెలీదు," అంది లోహిత. తండ్రి మొహం చూసి తనేదో తప్పు చేశాననుకుంది. "అందరూ అట్లే ఇంటారు అనుకున్నా నాయనా."

వచ్చిన ప్రతివాడికీ చూపించి మురిసిపోయిన విద్య ఇది. తన చేతులతో తనే కూతురి చెవులు మూసి, చప్పట్లు కొట్టించుకున్నానని మునికుమార్‌కు అప్పుడు తెలిసొచ్చింది. జ్ఞానాంబ కళ్లు తుడుచుకుంటూ డాక్టరు పేరెత్తింది. డాక్టరు దగ్గరికి ఎప్పుడైనా పోవచ్చు, పోతారు కూడా. పరీక్ష మాత్రం రేపే.

ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. ఆ మాటలేవో టీచరే ఎదురుగా నిలబడి చదివితే పాపకు అన్నీ తెలుస్తాయి కదా. మర్నాడు తిరుపతిలో స్కూలు తలుపులు తీయకముందే పాపను వెంటబెట్టుకుని వెళ్లి, పరీక్ష పెట్టే మేడమ్‌ను పట్టుకున్నాడు. ఆమె విసుక్కోలేదు. నిలబడి అంతా విన్నది. ఆమె మాటలు కూడా అతను ఆమె పెదవుల మీదే చదువుకున్నాడు.

"అందరికీ ఒకే రికార్డింగు పెట్టాలండీ. నేను చదివితే పరీక్ష చెల్లదు. డాక్టరు సర్టిఫికెట్ ముందే ఇచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం." ఆమెకు నిజంగానే బాధగా ఉన్నట్టుంది. "పాపను స్పీకరు పక్కనే కూచోబెడతాను, సరేనా?"

అతను చేతులు జోడించాడు. దణ్ణం దేనికి పెట్టాడో అతనికే తెలియలేదు.

పరీక్ష గది కింది అంతస్తులోనే ఉంది. మునికుమార్ వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డాడు. బల్లమీద నల్ల స్పీకరు, దాని పక్కనే లోహిత. మేడమ్ మీట నొక్కింది. పిల్లలంతా తలలు వంచేశారు, కొందరు కళ్లు మూసుకున్నారు. కళ్లు ఇంత చేసుకుని ఆ డబ్బా జాలీ వైపే చూస్తున్నది లోహిత ఒక్కతే. అందులో ఎక్కడైనా ఒక నోరు కదులుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉంది.

అందరి పెన్నులూ కదిలాయి. లోహిత పెన్ను కదల్లేదు. పిల్ల మెల్లగా కిటికీ వైపు తిరిగింది. గొంతు బయటికి రాకుండా, పెదవులు కదిపింది.

"ఏమంటా ఉండాది నాయనా?"

మధ్యలో ఊచలున్నా, అంత దూరమున్నా, అతనికి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని చెవిని ఊచలకు ఆనించాడు. స్పీకరు మాట్లాడుతూనే ఉండి ఉంటుంది. అతనికి మాత్రం ఎప్పటి హోరే వినిపించింది.

అతను తల తిప్పి చూశాడు. అతని పెదవులు ఎప్పుడు కదులుతాయా అని లోహిత చూస్తూనే ఉంది.