మూడు ఒరిజినల్స్

"వెనకవైపు ఒక్కో సంతకం పడేయ్, మూడింటి మీదా," అన్నారు మా ఆయన. నేను అప్పుడు స్టవ్ తుడుస్తున్నాను. పాలు పొంగి బర్నర్ చుట్టూ నల్లగా అంటుకుపోయాయి, గీకితే గానీ రావడం లేదు. ఆయన గట్టు మీద తడి లేని చోటు చూసి మరీ కాగితాలు పెట్టారు. కాగితాల విషయంలో ఆయన చాలా జాగ్రత్త మనిషి.

"ఎవరి పేరు రాయాలి?" అన్నాను.

"ఏమీ రాయొద్దు. ఖాళీగా వదిలెయ్. తమ్ముడు నింపుకుంటాడు."

అవి ఓడ కంపెనీ కాగితాలు. మా పనిలో బీఎల్ అంటాం. అవతలి దేశంలో కంటైనర్ ఓడెక్కాక మూడు ఒరిజినల్స్ ఇస్తారు, కొరియర్‌లో మాకొస్తాయి. సరుకు ఎవరిదో వాళ్ళ పేరు ముందువైపు ఉంటుంది. వాళ్ళు వెనక సంతకం పెట్టి, ఫలానావాళ్ళకి ఇవ్వండి అని రాయకుండా వదిలేస్తే, ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే కంటైనర్ వాళ్ళది. ముందువైపు ఉన్నది నా కంపెనీ పేరు. నా కంపెనీ అనాలంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది. అంతకుముందు ఆయన పేరు మీద పెట్టిన షాపు మూతపడింది, అందుకని ఈసారి నా పేరు మీద పెట్టారు. "పేరుకే తనది, బరువంతా నాది," అని అప్పట్లో నలుగురిలో జోకేసేవారు. నలుగురూ నవ్వేవారు. టీలు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని.

మేం తెప్పించేది తలుపుల సామాను. బందులు, గడియలు, హ్యాండిళ్ళు, తాళాలు. మొదట్లో ఆయన అన్నది ఒక్కటే మాట. "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయేగా, ఆ మెయిల్స్ కాస్త చూస్తూ ఉండు." చూస్తూ ఉన్నాను. ఎనిమిదేళ్ళు చూశాను. శాంపిళ్ళు వస్తే కుక్కర్ కూత పెట్టేలోపు ఒక్కో బందునీ వందసార్లు మూసి తెరిచి, ఎక్కడ వదులవుతోందో రాసుకునేదాన్ని. "ఆ టకటక ఆపవమ్మా తల్లీ, నా చెవులు చిల్లులు పడుతున్నాయి," అనేవారు మా అత్తయ్య. పక్కింటావిడ వస్తే మాత్రం, "మా పెద్దాడు ఓడల మీద సరుకు తెప్పిస్తాడు. కోడలా? హాయిగా ఇంటి పట్టునే ఉంటుంది, అదృష్టవంతురాలు," అనేవారు. ఆ అదృష్టవంతురాలు లోపల కూర్చుని, ఏ పెట్టెలో ఏముందో ఆరు పేజీల లిస్టు టైపు చేస్తూ ఉండేది.

మూడో ఏడు జరిగింది చెప్పాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందో దాన్నిబట్టి తాళం కుడివైపుది, ఎడమవైపుది అని రెండు రకాలు. నేను సగం సగం రాసి పెట్టాను. ఆయన ఆఖరి నిమిషంలో దిద్దేశారు, "అన్నీ ఒకలాగే ఉంటే గొడవుండదు" అని. కంటైనర్ తెరిస్తే రెండువేల నాలుగొందల తాళాలు, అన్నీ ఎడమవైపువే. డీలర్లు ఒక్కటీ ముట్టుకోలేదు. ఆయన మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను ఒక తాళం విప్పి చూశాను. నాలుగు స్క్రూలు తీసి, లోపలి ముక్కని తిరగేసి బిగిస్తే కుడివైపుది అయిపోతుంది. అంతే, సగం తాళాలు తిరగేయాలి. మా అమ్మాయి స్కూలుకెళ్ళాక కూర్చుంటే మళ్ళీ వచ్చేదాకా. పన్నెండు వందల తాళాలు, మూడు నెలలు. బొటనవేలి గోరు ఊడి మళ్ళీ వచ్చింది. తర్వాత డీలర్ల మీటింగులో ఆయన మైకు పట్టుకుని, "కష్టం వస్తే మేం భయపడలేదండీ, కూర్చుని సాల్వ్ చేశాం," అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో భోజనం ప్లేట్లు సరిపోతాయో లేదో లెక్క చూస్తున్నాను.

సరే. ఆ పొద్దున సంతకాలు తర్వాత పెడతానని చెప్పి, చేతులు కడుక్కుని ఫోన్ చూశాను. అవతలి దేశం ఫ్యాక్టరీలో ఎగుమతులు చూసే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఉంది. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకీ నాకూ సరిగా రాని భాషలో ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. "మీ ఒంట్లో ఎలా ఉంది? జబ్బుచేసి మీరు పని మానేశారని మీ మరిది రాశారు. ఇకనుంచి అన్నీ వాళ్ళ కొత్త కంపెనీ పేరు మీదే పంపమన్నారు. మీరు త్వరగా కోలుకోవాలి." చివర్లో ఒక పువ్వు బొమ్మ.

రెండుసార్లు చదివాను. ఒళ్ళు మండిపోయింది. ఏం జబ్బో కూడా చెప్పి ఉంటే బాగుండేది, దానికి తగ్గట్టు మూలుగుతూ ఉండేదాన్ని.

అప్పుడు లెక్క తేలింది. ఈ కంటైనర్ ఒక్కటే నా పేరు మీద బయల్దేరింది, కాబట్టి దీనికి నా సంతకం కావాలి. ఇది కూడా వాళ్ళ చేతికి పోతే, దీనికోసం కాచుకున్న డీలర్లందరూ అటే పోతారు. నా కంపెనీకి ఒక బోర్డు, ఒక రబ్బరు స్టాంపు మిగులుతాయి. ఎనిమిదేళ్ళు నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదని తేలిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. మరిది కూడా ఉన్నాడు. "నాకేం జబ్బయ్యా?"

అతను మెతుకు గొంతుకడ్డం పడ్డట్టు దగ్గాడు. "అదేం లేదు వదినా, నీకు కాస్త రెస్ట్ ఇద్దామని..."

"నేనడిగానా?"

"అడిగేదాకా ఆగితే మేం మనుషులమెలా అవుతాం వదినా," అన్నాడు. మాటలకేం తక్కువ లేదు.

అత్తయ్య కూర గిన్నె నావైపు జరిపారు. "అన్నదమ్ములు కలిసి పైకొస్తామంటే నీకెందుకమ్మా అడ్డం? కూర వడ్డించు."

మా ఆయన తల ఎత్తకుండానే అన్నారు. "అసలు నువ్వు చేసేదేముంది? టైపింగేగా. ఆ మాత్రానికి పెద్ద పెద్ద మాటలెందుకు? మూడింటికి మేం ఓడ కంపెనీ ఆఫీసుకెళ్ళాలి. పెడితే పెట్టు, లేకపోతే నేనే పెట్టేస్తా. అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు మీద ఎన్నిసార్లు పెట్టలేదూ నీ సంతకం!"

అది నిజమే. పిల్ల కార్డు మీద ఆయన నా సంతకం పెట్టేవారు. నేను వంటింట్లోంచి, "మీరే పెట్టేయండి, చేతులు తడిగా ఉన్నాయి," అనేదాన్ని. అలవాటు చేసింది నేనే. ఆ ముక్క గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

భోజనమయ్యాక అన్నదమ్ములిద్దరూ కునుకు తీశారు. అత్తయ్య సీరియల్ ముందు కూర్చున్నారు. నేను అంట్లు తోమి, గట్టు తుడిచి, మూడు కాగితాల్లో ఒకటి తీసుకున్నాను. రెండు అక్కడే ఉంచాను, నీళ్ళు పడకుండా కొంచెం పక్కకి జరిపి. బీఎల్ మీద కింద చీమల్లాంటి అక్షరాలతో ఒక మాట ఉంటుంది. మూడింట్లో ఏ ఒక్కటి ముందు అందినా మిగతా రెండూ చెల్లవు. ఎనిమిదేళ్ళలో మా ఇంట్లో దాన్ని చదివింది నేనొక్కదాన్నే. రబ్బరు స్టాంపు, గుర్తింపు కార్డు బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. చెప్పులు కూడా పాతవే వేసుకున్నాను, మార్చుకోవాలని తోచలేదు.

ఓడ కంపెనీ ఆఫీసు నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. కౌంటర్ వెనక ఉన్నాయన్ని మా ఆయన ఇంట్లో స్టాంపుల సార్ అంటారు, ముందు పది స్టాంపులు పేర్చుకుని కూర్చుంటాడని. నిజంగానే పదున్నాయి.

"ఎవరి తరఫున వచ్చారు మేడమ్?" అన్నాడు.

"సరుకు నాది," అన్నాను.

కాగితం తిప్పి చూశాడు. "ఓహో, ఆ మెయిల్స్ పెట్టేది మీరేనా! కంటైనర్ సీల్ నంబరు తప్పు పడిందని రెండుసార్లు మమ్మల్ని పట్టుకున్నారు కదండీ మీరు!" ఆఫీసులో ఇంకో ఇద్దరు తల తిప్పి చూశారు. నాకు ఆనందం వేసింది, దాచుకోను. వాళ్ళ ముందే కాగితం వెనక సంతకం పెట్టాను, నా స్టాంపు వేశాను, మా కంపెనీకే అప్పగించమని పూర్తిగా రాశాను. ఫైల్లో సంతకంతో పోల్చి చూసుకుని పిలుస్తాను, కూర్చోండి అన్నాడు. మంచినీళ్ళ డబ్బా పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

నాలుగవుతోంది. అమ్మాయి ఇంటికొచ్చే వేళ. దానికి తినడానికి ఏమన్నా ఉంచానో లేదో అని ఆలోచిస్తుంటే వాళ్ళిద్దరూ మెట్లెక్కి వగరుస్తూ వచ్చారు. తిన్నగా కౌంటర్ దగ్గరకే వెళ్ళారు, పక్కకి చూడలేదు. మా ఆయన జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, "ఓనర్ సంతకం అయిపోయిందండీ, మూడోది వెతికి వెతికి లేటయింది, డెలివరీ ఆర్డర్ మా తమ్ముడి కంపెనీకి ఇచ్చేయండి," అన్నారు. చాలా మర్యాదగా, నవ్వుతూ అన్నారు. డీలర్ల దగ్గర కూడా అలాగే నవ్వుతారు.

స్టాంపుల సార్ నా కాగితం, ఆ కాగితం పక్కపక్కన పెట్టాడు. కళ్ళజోడు పైకి నెట్టాడు. స్టాంపు ఏదీ ముట్టుకోలేదు. "మేడమ్, ఒకసారి ఇటు రండి," అన్నాడు.

అప్పుడు తిరిగి చూశారు ఇద్దరూ. మా ఆయన మొహంలో రంగు దిగిపోయింది. నేను లేచి వెళ్ళేలోపు నా మోచెయ్యి పట్టుకుని చెవి దగ్గర, "ఏమన్నా ఉంటే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. నలుగురిలో పరువు తీయకు. ఔనను చాలు," అన్నారు. చెయ్యి వేడిగా ఉంది. పదిహేడేళ్ళు ఆ చెయ్యి పక్కనే పడుకున్నాను. ఔనంటే కంటైనర్ పోతుంది. కాదంటే ఆయన అందరి ముందూ దొంగ సంతకం పెట్టిన మనిషవుతారు. ఇంటికెళ్ళాక నాకేమవుతుందో తెలియదు. భయం వేసింది. అయినా చెయ్యి విడిపించుకుని కౌంటర్ దగ్గరకెళ్ళాను.

"ఈయన ఎవరండీ మీకు? ఈ సంతకం మీదేనా?" అన్నాడు స్టాంపుల సార్.

కాగితం వైపు చూశాను. మా ఆయన వైపు చూశాను.

"ఈయన మా ఆయనేనండీ," అన్నాను. "సంతకం మాత్రం నాది కాదు."